విప్పే ముందు పెట్టే గుర్తు

మోటారు కారు ఇంజిన్‌లో ప్రతి భాగానికీ కంటికి కనిపించే ఒక పని ఉంటుంది; మంట తోపుడును పిస్టన్ అందుకుంటుంది, పిస్టన్ పైకీ కిందికీ ఆడే కదలికను క్రాంక్ షాఫ్ట్ గుండ్రటి తిరుగుడుగా మారుస్తుంది, వాల్వులు గాలిని లోపలికి రానిచ్చి పొగను బయటికి పోనిస్తాయి. టైమింగ్ చైన్ వీటిలో ఏ పనీ చేయదు. అది క్రాంక్ షాఫ్టుకూ, వాల్వులను నడిపే క్యామ్ షాఫ్టులకూ మధ్య ఒక సంబంధాన్ని నిలిపి ఉంచుతుంది, అంతే. కనుక దాన్ని విప్పినప్పుడు బల్ల మీదికి చేరేవి ఒక చైను, మూడు పళ్ల చక్రాలు, రెండు గైడ్లు, ఒక టెన్షనర్ మాత్రమే అయినా, ఇంజిన్ నుంచి నిజంగా తొలగిపోయేది ఆ సంబంధమే. భాగాలు దుకాణంలో దొరుకుతాయి, సంబంధం దొరకదు. దాన్ని విప్పేవాడే గుర్తు పెట్టుకుని, బిగించేటప్పుడు తిరిగి ఇవ్వాలి. విప్పడం తేలిక, బిగించడమే కష్టమని లోకంలో ఉన్న అభిప్రాయం చాలా పనుల విషయంలో నిజమే కావచ్చు గాని, ఈ పనిలో బిగింపు బాగుంటుందా లేదా అన్నది పానా మొదటి బోల్టు మీద పడకముందే సగం తేలిపోతుంది.

ఆ సంబంధం ఎలాంటిదో ముందుగా చెప్పుకోవాలి. 1876లో జర్మనీలో నికొలస్ ఒట్టో నడిపి చూపిన నాలుగు స్ట్రోకుల పద్ధతిలో, ఒక సిలిండర్ తన పని పూర్తి చేయడానికి పిస్టన్ నాలుగు నడకలు నడవాలి. గాలినీ ఇంధనాన్నీ పీల్చుకోవడం, వాటిని అదిమిపెట్టడం, మండి కిందికి తోయబడటం, కాలిన పొగను బయటికి నెట్టడం. ఈ నాలుగు నడకలకూ కలిపి క్రాంక్ షాఫ్ట్ రెండు పూర్తి చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. అదే వ్యవధిలో ఒక్కో వాల్వు ఒక్కసారి మాత్రమే తెరుచుకోవాలి కాబట్టి, వాల్వులను నొక్కే ఉబ్బులున్న క్యామ్ షాఫ్ట్ ఒకే ఒక చుట్టు తిరగాలి. అందుకే క్యామ్ మీది పళ్ల చక్రానికి, మెకానిక్‌లు స్ప్రాకెట్ అనేదానికి, క్రాంక్ మీదిదానికంటే సరిగ్గా రెట్టింపు పళ్లు ఉంటాయి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో క్రాంక్ సెకనుకు 100 సార్లు తిరుగుతుంటే, ప్రతి వాల్వూ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈనాటి చాలా ఇంజిన్లలో తెరుచుకున్న వాల్వు దిగివచ్చే చోటుకే పిస్టన్ కూడా పైకి వస్తుంది. ఒకే చోటును రెండూ వేర్వేరు క్షణాల్లో వాడుకుంటాయి. ఇలాంటి వాటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లంటారు. వీటిలో టైమింగ్ బాగా తప్పితే పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది, వాల్వు వంగుతుంది, ఆపైన సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ దించక గత్యంతరం ఉండదు.

ఈ పనికి చైన్‌ను వాడటం కొత్త సంగతేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైన్‌కు పేటెంట్ పొందాడు. ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్, దాని మీద తిరిగే ఒక రోలర్ ఉండే ఆ ఏర్పాటే ఇంజిన్ల చైన్లకు మూలం. అంబాసిడర్‌లో చాలాకాలం వాడిన 1,489 సీసీ బీఎంసీ ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్ కింద బ్లాకులోనే ఉండేది కాబట్టి పొట్టి చైన్ సరిపోయేది. రెండు స్ప్రాకెట్ల మీది చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా తిప్పి, రెంటినీ చైనుతో సహా ఒక్కసారిగా ముందుకు లాగేస్తే పని అయిపోయేది. క్యామ్ షాఫ్టులు హెడ్ మీదికి ఎక్కిన తరువాత చైన్ పొడవు పెరిగింది, చప్పుడు పెరిగింది, ఆ చప్పుడు లేని దారి కోసం వెతుకులాట మొదలైంది. 1962 నాటి జర్మన్ కారు గ్లాస్ 1004 పళ్లున్న రబ్బరు బెల్టును తెచ్చింది; మన దేశంలో 1983 నుంచి నడిచిన మారుతి 800లో ఉన్నదీ బెల్టే. 2008లో ఏ-స్టార్‌తో మొదలైన మారుతి కె-సిరీస్ ఇంజిన్లు మళ్లీ చైన్‌కు వచ్చాయి. బెల్టు ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలని పుస్తకంలో రాసి ఉంటుంది. చైన్ గురించి మాత్రం అది ఇంజిన్ ఉన్నంతకాలం ఉంటుందని చెప్పడం ఆనవాయితీ. ఈ మాటలో ఒక తమాషా ఉంది. చైన్ తెగిన రోజున సాధారణంగా ఇంజిన్ కూడా పోతుంది కాబట్టి, ఆ హామీ ఎన్నటికీ అబద్ధం కాజాలదు.

తెగడం అరుదు, సాగడం మామూలు. షెడ్డులో అందరూ చైన్ సాగిందనే అంటారు గాని, దాని ఉక్కు పలకలు నిజానికి సాగవు. పిన్నుకూ బుష్‌కూ మధ్య ఉన్న ఒరిపిడి వల్ల ప్రతి కీలూ కొద్దికొద్దిగా అరిగి, ఆ అరుగుదలలన్నీ కలిసి పొడవుగా తేలుతాయి. ఒక లింకుకూ మరో లింకుకూ మధ్య 8 మిల్లీమీటర్ల ఎడంతో 142 లింకులున్న చైన్‌ను లెక్క కోసం ఊహించుకుంటే, ఒక్కో కీలు మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు, అంటే తలవెంట్రుక మందంలో సగానికి అటూ ఇటూగా అరిగినా, మొత్తం పొడవు నాలుగు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఆయిల్ మార్చడంలో అశ్రద్ధ చేసిన ఇంజిన్లలో ఈ అరుగుదల త్వరగా వస్తుంది, ఎందుకంటే చైన్‌కు తిండీ నీళ్లూ అన్నీ ఆ ఆయిలే. అందులో పేరుకున్న మసీ లోహపు రజనూ ప్రతి కీలులోకీ చేరతాయి.

పెరిగిన పొడవును సర్దడానికే టెన్షనర్ ఉంది. ఇది ఆయిల్ ఒత్తిడితో ముందుకు పొడుచుకువచ్చే చిన్న ప్లంజర్. అది కదిలే గైడును నెడుతుంది, గైడు చైన్‌ను నొక్కుతుంది, వెనక్కి జారకుండా ప్లంజర్‌కు రంపపు పళ్లవంటి అడ్డు ఉంటుంది. రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ముందు భాగం నుంచి రెండుమూడు సెకన్లపాటు గలగలమనే చప్పుడు వచ్చి ఆగిపోతే, ఆయిల్ ఒత్తిడి అందేలోపు ఆ ప్లంజర్ చైన్‌ను పట్టలేకపోతోందని అనుభవజ్ఞుడైన మెకానిక్ అనుమానిస్తాడు. సైకిల్ చైన్ వదులైతే వెనక చక్రాన్ని కాస్త వెనక్కి లాగి బిగిస్తే సరిపోతుంది, ఎందుకంటే సైకిల్‌కు చైన్ బిగువుతోనే గాని వేళతో పనిలేదు. ఇంజిన్‌కు వేళే ముఖ్యం. టెన్షనర్ నొక్కేది చైన్ వదులుగా ఉండే వైపును. క్రాంక్ క్యామ్‌ను లాగే రెండో వైపు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, ఆ వైపు పొడవు పెరిగినంత మేరా క్యామ్ వెనకబడుతుంది. పైన ఊహించిన చైన్‌లో లాగే వైపు 50 లింకులుంటే ఆ వైపు ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగినట్టు. 42 పళ్ల క్యామ్ స్ప్రాకెట్ మీద అది క్రాంక్ లెక్కలో మూడు డిగ్రీలకు పైబడిన ఆలస్యం. వదులును టెన్షనర్ తీరుస్తుంది గాని, ఆలస్యాన్ని తీర్చలేదు. పైగా వదులును తీర్చడం ద్వారా ఆలస్యాన్ని చెవికి అందకుండా దాచిపెడుతుంది. ఈ కాలపు కార్లలో దాన్ని పట్టుకునేది కంప్యూటర్. క్రాంక్ సెన్సార్ చెప్పినదీ క్యామ్ సెన్సార్ చెప్పినదీ పొంతన కుదరనప్పుడు అది పి0016 అనే కోడ్ రాసిపెట్టి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగిస్తుంది.

విప్పడానికి నిర్ణయం జరిగాక చైన్ దగ్గరికి చేరడానికే ఒక పూట పట్టవచ్చు. బ్యాటరీ తీగ తీసి, పక్క చక్రమూ దాని లోపలి ప్లాస్టిక్ తొడుగూ తొలగించి, బయటి బెల్టు విప్పి, ఆయిల్ వదిలి, ఆయిల్ చాంబర్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఇంజిన్‌ను మోసి, ఆ వైపు మౌంటింగ్ ఊడదీస్తారు. పైన ట్యాపెట్ కవర్ లేస్తే క్యామ్ షాఫ్టులు కనిపిస్తాయి. కింద క్రాంక్ పుల్లీ బోల్టు ఉంటుంది, ఇంజిన్‌లోకెల్లా మొండి బోల్టుల్లో అదొకటి. దాన్ని వదులు చేసేటప్పుడు క్రాంక్ తిరగకుండా పుల్లీని సరైన పనిముట్టుతో పట్టాలే గాని, చైన్ బిగువు మీద ఆధారపడి లాగరాదు. టైమింగ్ కవర్ బోల్టులు అన్నీ ఒకే పొడవువి కావు; పొడుగుది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. తెలిసిన పనివాడు ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, విప్పిన బోల్టును విప్పిన చోటే అట్టలో గుచ్చుతూ పోతాడు. కవర్‌ను పట్టి ఉంచే సీలెంట్ ఎంత మొరాయించినా రెండు ముఖాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చడు, ఎందుకంటే ఆ గీతలోంచే రేపు ఆయిల్ కారుతుంది.

ఇంతవరకూ చేసినది తోలు ఒలవడమే. అసలు పని క్రాంక్‌ను ఒక స్థితికి తెచ్చి నిలపడంతో మొదలవుతుంది. ఆ స్థితిని టాప్ డెడ్ సెంటర్ అంటారు. మొదటి సిలిండర్ పిస్టన్ తాను వెళ్లగలిగినంత పైకి వెళ్లి, కిందికి దిగబోయే ముందు ఉండే స్థానమది. స్పార్క్ ప్లగ్గులు తీసి లోపలి ఒత్తిడి పోనిస్తే క్రాంక్ చేత్తో తిప్పిన రెంచికే నెమ్మదిగా కదులుతుంది. అయితే 720 డిగ్రీల ఆవృత్తిలో పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది, ఒకసారి గాలిని అదుముతూ, మరోసారి పొగను నెడుతూ. క్రాంక్ మీది గుర్తు రెండుసార్లూ ఒకేలా కనిపిస్తుంది. తాను ఏ వేళలో ఉందో క్రాంక్‌కు తెలియదు, క్యామ్‌ను అడగాలి. మొదటి సిలిండర్ క్యామ్ ఉబ్బులు వాల్వులను వదిలి పక్కకు తిరిగి ఉంటే అది అదిమే నడక చివర. కాకపోతే ఇంకొక చుట్టు తిప్పాలి. తిప్పడం కూడా ఇంజిన్ నడిచే దిక్కుకే, చాలా ఇంజిన్లలో పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే వైపుకే జరగాలి. గుర్తు కాస్త దాటిపోయిందని వెనక్కి తిప్పితే బిగువు వైపు వదులై, వదులు వైపు బిగువై, అరిగిన చైన్ పన్ను దాటే ప్రమాదం ఉంది. దాటినవాడు ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పి రావాలి. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఇప్పుడు గుర్తుల సంగతి. స్ప్రాకెట్ల మీద తయారీదారు చెక్కిన చుక్కలో గీతలో ఉంటాయి, చైన్‌లో కొన్ని లింకులకు వేరే రంగు ఉంటుంది. రంగు లింకులు చుక్కల మీద కూర్చుంటే టైమింగ్ సరిగా ఉన్నట్టు. కాని ఏళ్ల తరబడి ఆయిల్‌లో తిరిగిన చైన్ మీద ఆ రంగు చెరిగిపోయి అన్ని లింకులూ ఒకే గోధుమ రంగులో ఉంటాయి. అందువల్ల మెకానిక్ తన గుర్తు తాను పెట్టుకుంటాడు. పెట్రోలులో తడిపిన వేస్ట్ కాటన్‌తో ఒక పన్నునూ దాని మీది లింకునూ జిడ్డు పోయేలా తుడిచి, రెంటినీ కలుపుతూ పిల్లలు నోటు పుస్తకాల్లో వాడే వైట్‌నర్‌తో ఒక చుక్క పెడతాడు. మూడు స్ప్రాకెట్ల దగ్గరా మూడు చుక్కలు పెట్టి, పాత చైన్‌లో చుక్కకూ చుక్కకూ మధ్య లింకులు లెక్కించి, కొత్త చైన్‌లోనూ అన్నే లెక్కపెట్టి దించుతాడు. విజయవాడ ఆటోనగర్ షెడ్డు మొదలు కంపెనీ సర్వీస్ సెంటర్ దాకా ఈ అలవాటు ఉన్నదే, మంచి అలవాటే. అయినా అందులో ఒక లోటు ఉంది, ఈ పనిలో ఆలోచించదగిన విషయమంతా అక్కడే ఉంది.

తయారీదారు గుర్తు ఇంజిన్ ఎలా ఉండాలో చెబుతుంది. మెకానిక్ గుర్తు అది తన చేతికి వచ్చినప్పుడు ఎలా ఉందో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో రెండూ ఒకటే గనుక తేడా బయటపడదు. అయితే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ చైన్‌ను ఎవరూ విప్పరు. అరిగిన చైన్ ఎప్పుడో ఒక పన్ను దాటి ఉంటే, 42 పళ్ల స్ప్రాకెట్‌లో అది క్యామ్‌కు ఎనిమిదిన్నర డిగ్రీలు, క్రాంక్ లెక్కలో పదిహేడు. వాల్వులు వంగేంత కాకపోయినా ఇంజిన్ ఊపిరి తీసుకోలేక వణికేంత. అలాంటి ఇంజిన్‌లో వైట్‌నర్ చుక్కలు పెట్టి, లింకులు ఒక్కటీ తప్పకుండా లెక్కపెట్టి కొత్త చైన్ వేసినవాడు, ఏ జబ్బు నయం చేయడానికి ఇంజిన్ విప్పాడో ఆ జబ్బునే అత్యంత నమ్మకంగా మళ్లీ బిగించినవాడవుతాడు. ఇందులో విచిత్రమేమిటంటే, కీళ్ల అరుగుదల ఈ లెక్కలోకి రాదు, కొత్త చైన్‌తో అది దానంతట పోతుంది. లింకుల లెక్కలో దాటిన పన్ను మాత్రమే నిలిచిపోతుంది. మరి తయారీదారు గుర్తునే నమ్ముదామంటే, ఒకే స్ప్రాకెట్‌ను రెండుమూడు రకాల ఇంజిన్లకు వాడటం వల్ల దాని మీద ఒకటికి మించిన చుక్కలుండటం మామూలే. ఏ చుక్క ఈ ఇంజిన్‌దో పుస్తకం చూడకుండా తేల్చడం పొరపాటు. కాబట్టి రెండు గుర్తులూ కావాలి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అవి కలిస్తే ధైర్యం. కలవకపోతే ఆ తేడాయే రోగం చిరునామా, విప్పకముందే అది తెలియాలి, ఎందుకంటే విప్పిన తరువాత అడగడానికి ఎవరూ మిగలరు. పాతదాన్ని కాపాడటమూ సరైనదాన్ని నిలబెట్టడమూ వేర్వేరు పనులనీ, మొదటిదాన్ని ఎంత శ్రద్ధగా చేస్తే రెండోది అంత సులువుగా మరుపున పడుతుందనీ ఈ రెండు చుక్కలు చెప్పినంత స్పష్టంగా, పాత ఇళ్లనూ పాత పుస్తకాలనూ బాగుచేసే పెద్దలు కూడా ఎప్పుడూ చెప్పలేకపోయారు.

గుర్తులయ్యాక విప్పుడు చకచకా సాగుతుంది. టెన్షనర్ ప్లంజర్‌ను వెనక్కి నొక్కి, దానికోసమే ఉన్న సన్నని రంధ్రంలో ఒక పిన్ను గుచ్చి పట్టి ఉంచి, రెండు బోల్టులు తీస్తే అది చేతిలోకి వస్తుంది. తరువాత కదిలే గైడు, తరువాత చైన్, ఆ తరువాత కదలని గైడు. చైన్ లేచిన క్షణంలో క్యామ్ షాఫ్టు ఒక్కోసారి టక్కుమని తనంత తాను కొంత తిరుగుతుంది. అప్పటిదాకా చైన్ ఆపి ఉంచిన వాల్వు స్ప్రింగుల బలమది. సంబంధం తెగినట్టు కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ ఆ ఒక్క కదలికలోనే. ఇక్కడినుంచి క్రాంక్‌ను గాని క్యామ్‌ను గాని విడిగా ఎక్కువ తిప్పితే వాల్వు పిస్టన్‌కు తగలవచ్చు. నాలుగు సిలిండర్ల వరస ఇంజిన్లలో ఒకటి, నాలుగు పిస్టన్లు పైన ఉన్నప్పుడు రెండు, మూడు కింద ఉంటాయి. క్రాంక్‌ను పావు చుట్టు జరిపితే నాలుగూ మధ్యలోకి వచ్చి, ఏ వాల్వు ఎంత దిగినా తగలని దూరంలో నిలుస్తాయి. కొన్ని ఇంజిన్ల పుస్తకాలు ఈ జాగ్రత్తనే సూచిస్తాయి.

క్రాంక్ స్ప్రాకెట్‌ను షాఫ్టుకు కలిపేది సాధారణంగా అర్ధచంద్రాకారపు చిన్న ఉక్కు ముక్క, దాన్ని కీ అంటారు. అది ఉన్నంతకాలం స్ప్రాకెట్ ఒకే ఒక విధంగా ఎక్కుతుంది. ఫోర్డ్ డ్యూరాటెక్ నాలుగు సిలిండర్ల ఇంజిన్ల వంటి కొన్నింటిలో ఆ కీ లేదు. స్ప్రాకెట్‌నూ పుల్లీనీ పట్టి ఉంచేది పుల్లీ బోల్టు బిగువు మాత్రమే. అక్కడ కవర్ ఊడదీయకుండా, చైన్ ముఖం చూడకుండా, ఆయిల్ సీల్ మార్చడానికని ఆ ఒక్క బోల్టు వదులు చేసినా టైమింగ్ పోవచ్చు. క్యామ్‌నూ క్రాంక్‌నూ ముందుగానే లాకింగ్ పనిముట్లతో కదలకుండా కట్టిపడేయాలనే నియమం ఇలాంటి ఇంజిన్లలో తప్పనిసరి.

బల్ల మీదికి చేరిన భాగాలను చెత్తలో వేసేముందు చదవాలి. గైడ్ల నైలాన్ ముఖం మీద చైన్ పలకలు తవ్విన రెండు సన్నని గాళ్లుంటాయి. అవి సమానంగా ఉంటే చైన్ నేరుగా నడిచినట్టు, ఒకటి లోతుగా ఉంటే ఏదో స్ప్రాకెట్ వాలినట్టు. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపు కొక్కెంలా వంగి ఉంటే, వాటిని ఉంచి చైన్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ. అన్నిటికంటే ముఖ్యం, వేడికి పెళుసెక్కిన గైడు విరిగి ఉంటే దాని ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చి పూర్తి ఆకారం వస్తోందో లేదో చూడాలి. గోరంత ముక్క తక్కువైనా అది ఆయిల్ చాంబర్‌లో ఉందని అర్థం. రేపో మాపో అది ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది, కాబట్టి అప్పటిదాకా ముట్టుకోని ఆయిల్ చాంబర్‌ను కూడా దించాలి. యజమానికి ఈ అదనపు ఖర్చు వివరించడం మొత్తం పనిలోకెల్లా కష్టమైన భాగమని మెకానిక్‌లు అంటే అందులో అతిశయోక్తి లేదు.

కొత్త చైన్ రంగు లింకులు చుక్కల మీద కూర్చుని, టెన్షనర్ పిన్ను లాగాక, స్టార్ట్ చేయకుండా క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఆగిపోవాలి. రెండు చుట్ల తరువాత స్ప్రాకెట్ల గుర్తులు తమ చోటికి వస్తాయి, రంగు లింకులు మాత్రం రావు, అవి ఎక్కడో పక్కకు వెళ్లిపోయి ఉంటాయి. కొత్తవాళ్లు ఇది చూసి కంగారుపడి, సరిగా ఉన్న టైమింగ్‌ను మళ్లీ విప్పడం జరుగుతూ ఉంటుంది. 142 లింకుల చైన్ 21 పళ్ల క్రాంక్ స్ప్రాకెట్ మీద నడుస్తుంటే, మొదట కలిసిన లింకులూ చుక్కలూ తిరిగి కలవడానికి క్రాంక్ 142 చుట్లు తిరగాలి. చేత్తో అది అయ్యే పని కాదు గాని, నిమిషానికి 800 చుట్లతో ఐడిల్‌లో ఉన్న ఇంజిన్‌లో పదకొండు సెకన్లు గడవకముందే ఒకసారి అవి కలిసి విడిపోతాయి.